బీడు మొక్కల జాబితాలో నేను పెట్టిన గీతలు

మొక్కను ఎండబెట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. పువ్వో కాయో ఉన్న మొక్కను వేరుతో సహా పెరికి, మట్టి దులిపి, పాత పేపరు మడతలో ఆకు మీద ఆకు పడకుండా సర్ది, రెండు చెక్క చట్రాల మధ్య పెట్టి బెల్టుతో బిగించాలి. రోజూ పేపరు మార్చాలి. మార్చకపోతే బూజు పడుతుంది. ఈ పాటి విద్యకు నేను ఎమ్మెస్సీ దాకా చదివాను. చదివి రెండేళ్ళు ఖాళీగా ఉన్నాక, తొంభైల మొదట్లో, ఆత్మకూరు బస్టాండు వెనక ఒక అద్దెగదిలో ఈ పనికి కుదిరాను.

ఒక యూనివర్సిటీ వాళ్ళు ప్రభుత్వం తరఫున మా పడమటి బీళ్ళలోని అడవి మొక్కలన్నిటినీ నమోదు చేస్తున్నారు. ఆత్మకూరు చుట్టుపక్కల మొదలుపెట్టి ఉదయగిరి మీదుగా సీతారామపురం దాకా ఎంత బీడు ఉందో అంతా. నడిచేదీ పెరికేదీ రాసేదీ నేను. నెలకోసారి జీపులో వచ్చి, టోపీ తియ్యకుండా నీడన కూర్చుని, నా కాగితాల మీద సంతకం పెట్టి పోయేది మా సారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు ఇంకాస్త తేలికయ్యేది.

బీడు అంటే పనికిరాని నేల అని పట్నం వాళ్ళ లెక్క. వేసవిలో చూస్తే నిజమే అనిపిస్తుంది, మాడిన అట్లపెనంలా ఉంటుంది. స్వాతి కార్తెలో రెండు వానలు పడ్డాక వచ్చి చూడాలి. మోకాటి ఎత్తు గడ్డి లేస్తుంది. ముదిరేకొద్దీ చెంగలి గడ్డి ఎర్రబారి, గాలి వీస్తే ఆ ఎరుపంతా ఒక పక్కకు ఒరుగుతుంది. దాని కింద విష్ణుక్రాంత, పిండికూర, వెంపలి, పల్లేరు, పేరున్నవీ లేనివీ, చిన్న చిన్న పూలతో నేలకు అంటుకుని ఉంటాయి. వంగి చూసేవాడికే కనిపిస్తాయి. జీపులో నుంచి కనిపించవు.

సారు ఒక అచ్చు ఫారం ఇచ్చాడు. మొక్కకొక వరస. దొరికిన చోటు, లాటిన్ పేరు, జనం పిలిచే పేరు, జనానికి ఉపయోగం. చివరి రెండు గడుల గురించి ఆయన మొదటి రోజే గట్టిగా చెప్పాడు.

"నీకు తెలిసింది రాయొద్దమ్మా. ఆ ఊరి మనిషి తన నోటితో చెప్పిందే రాయాలి. పేరు చెప్పి, ఉపయోగం చెప్తేనే ఎంట్రీ. సైన్సు అంటే అదే."

"మేతకు పనికొస్తుందంటే రాయొచ్చా సార్?"

"గడ్డి అన్నాక పశువు తింటుంది. అదొక ఉపయోగమా?" అని నవ్వాడు.

చేజర్ల వైపు పని సుఖంగా సాగింది. అక్కడ ఒక రైతు గట్టు మీద కూర్చుని, నేను ఏ మొక్క చూపించినా తడుముకోకుండా చెప్పేవాడు.

"ఇదేందన్నా?"

"నడుం నొప్పికి."

"మరి ఇది?"

"అదీ నడుం నొప్పికే. రాసుకో."

లేచేటప్పుడు చూస్తే ఆయనకే నడుం పట్టేసి ఉంది. అయినా నేను అన్నీ రాశాను. ఊరి మనిషి, తన నోటితో చెప్పాడు కదా. అనంతసాగరం వైపు ఆడవాళ్ళు నన్ను తొందరగా వదిలించుకోవడానికి సగం మొక్కలకు అప్పటికప్పుడు పేర్లు పెట్టారు. అవీ రాశాను. సారు ఆ ఫారాలు చూసి చాలా సంతోషించాడు.

ఆఖరికి మా ఊరి వంతు వచ్చింది. ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో మాది చిన్న ఊరు. ఊరికి దక్షిణంగా మేత పోరంబోకు ఉండేది, ఆ చుట్టుపక్కల అంత పెద్ద బీడు ఇంకోటి లేదు. దాని మీద ఊళ్ళోని గొర్రెల మందలన్నీ బతికేవి. ఆ బీడును ఎరిగిన మనిషి ఒకాయన ఉండేవాడు. గొర్రెలు కాచే ముసలాయన. నేను తాతా అనేదాన్ని. మా నాయన మిషన్ బడిలో అయివారు కాబట్టి, ఆయన నన్ను అయివారి బిడ్డ అనేవాడు, ముద్దొస్తే పాపా అనేవాడు.

తాత పసరు ఇచ్చేవాడు. కామెర్లకు, పురుగు ముట్టినదానికి, బాలింతల వాతానికి. ఉదయగిరి నుంచే కాదు, కొండ అవతల నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు. ఆదివారం పొద్దు పొడవక ముందు, ఎవరితో మాట్లాడకుండా పోయి, ఆకు కోసుకొచ్చి నూరి తాగించేవాడు. ఏమీ తీసుకునేవాడు కాదు, చుట్ట కూడా. ఆ మొక్కను వేలితో చూపించకూడదు. పేరు పైకి అనకూడదు. అంటే ఆకులో గుణం పోతుంది. పోయేముందు ఒక్కసారి, తన తర్వాత ఇవ్వబోయేవాడి చెవిలో మాత్రం చెప్పాలి. వాళ్ళ నాయన ఆయనకు అట్లాగే చెప్పి కళ్ళు మూశాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు కామెర్లు వచ్చాయి. మా నాయన సంఘంలో డీకను. ఆకులూ పసర్లూ సైతాను పనులని చర్చిలో నిలబడి చెప్పే మనిషి. ఆ మనిషే మూడు ఆదివారాలు చీకటితో నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తాత దగ్గర పసరు తాగించి, అక్కడి నుంచి నేరుగా ఆరాధనకు తీసుకుపోయాడు. "ఎవరితోనూ అనబాకమ్మా" అన్నాడు. నేను అనలేదు. బతికాను, పెద్దదాన్నయ్యాను, మొక్కల చదువు చదివాను, ఆ మాట మాత్రం ఎక్కడా అనలేదు.

తాత నన్ను పది పన్నెండు రోజులు బీడంతా తిప్పాడు. గడ్డి సంగతి అడగకముందే చెప్పేవాడు. ఏ గడ్డికి గొర్రెకు పాలు దిగుతాయి, ఏది లేతప్పుడు తింటే కడుపు ఉబ్బుతుంది, ఏ గడ్డి గింజ బొచ్చులో దూరి చర్మానికి గుచ్చుకుంటుంది, కరువు ఏడు అన్నిటికన్నా ఆఖరున ఎండేది ఏది. అన్నీ చెప్పాడు. అన్నీ మేత సంగతులే. మా ఫారంలో మేతకు గడి లేదు.

కొన్ని చోట్ల మాత్రం తాత మందను చుట్టు తిప్పి తోలేవాడు. ఒక్క గొర్రెను కూడా అటు పోనిచ్చేవాడు కాదు. నేను అక్కడే వంగి చూసేదాన్ని.

"తాతా, దీని పేరేంది?"

"ఉండాదిలే ఒక పేరు."

"చెప్పు తాతా, రాసుకుంటాను."

"నువ్వైతే రాసుకుంటావు. చెప్పినాక నాకేం మిగల్తాది? పేరు బయటికొస్తే ఆకు ఉత్త ఆకైపోతాది పాపా. వచ్చినోళ్ళకి ఏం పొయ్యాల నేను?"

"దేనికి వాడతావో అదన్నా చెప్పు."

"నీకు తెలీదా?" అని నా మొహంలోకి చూశాడు.

తెలుసు. లాటిన్ పేర్లూ తెలుసు, కొన్నిటికి తెలుగు పేర్లూ తెలుసు. ఆ మనిషి మందను చుట్టు తిప్పడం చూస్తే చదువు లేనివాళ్ళకైనా అర్థమయ్యే సంగతే. 'పేరు చెప్పరు, మందుకు వాడతారు' అని ఒక్క ముక్క రాసి ఉండవచ్చు. రాస్తే సారు అడుగుతాడు, నీకెట్లా తెలుసమ్మా అని. నేను తాగాను సార్ అనాలి. ఎమ్మెస్సీ చదివిన పిల్ల, డీకను కూతురు, గొర్రెల కాపరి దగ్గర పసరు తాగిందని జీపు డ్రైవరు ముందు ఒప్పుకోవాలి. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళ తర్వాత దానికి సైన్సు నియమమనీ ఇంకొకటనీ పేరు పెట్టుకోను. ఉత్త సిగ్గు.

ఆ గడుల్లో గీతలు పెట్టాను.

గీత పెట్టడం మా ఇంటి అలవాటు. రిజిస్టరులో గడి ఖాళీగా వదిలితే ఇంకెవడో నింపుతాడని నాయన చిన్నప్పుడే నేర్పించాడు. ఎక్కడ ఏమీ రాయలేకపోతే అక్కడ అడ్డంగా ఒక గీత గీసేవాళ్ళం. నా మనసులో ఆ గీతకు అర్థం 'చెప్పలేదు' అని. చేజర్ల ఫారాలు నడుం నొప్పులతో కళకళలాడాయి. మూడు మండలాల్లో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి తిరిగే బీడు ఫారాల్లో మాత్రం పేజీల కొద్దీ గీతలే.

ఏడాది తిరిగింది. రిపోర్టు పోయింది. నా పనీ అయిపోయింది, ఆత్మకూరులోనే ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఒకరోజు నాయన మనిషి చేత కబురు పెట్టాడు. బీడులో జామాయిల్ తోట వేస్తారంట, సభ పెడతారంట, నువ్వు రావాల్సిందే అని.

సభ బడి వరండాలో పెట్టారు. మధ్యలో కుర్చీ వేసుకుని ఒక ఆఫీసరు, పక్కన ఊరి పెద్దాయన. ఈ పెద్దాయన మాట కాదని మా ఊళ్ళో పెళ్ళి ముహూర్తం కూడా పెట్టరు. తోట కాంట్రాక్టు ఆయన బావమరిదికే అని అప్పటికే అందరికీ తెలుసు. గొర్రెల వాళ్ళు మెట్ల కింద నిలబడ్డారు.

"మేము కళ్ళు మూసుకుని నిర్ణయించలేదు" అన్నాడు ఆఫీసరు. "సైంటిస్టులు రెండేళ్ళు మొక్క మొక్కా పరిశీలించారు. ప్రజలకు ఉపయోగం లేని నేలలనే తీసుకుంటున్నాం. మీ బీడు ఆ జాబితాలో మొదటిది. రాసింది కూడా పరాయివాళ్ళు కాదు, మీ ఊరి అమ్మాయే."

కాగితం పైకెత్తి చదివాడు. ఉపయోగం, లేదు. ఉపయోగం, లేదు. ఉపయోగం, లేదు. నేను పెట్టిన ప్రతి గీతకూ టైపు చేసినవాళ్ళు 'లేదు' అని కొట్టారు. ఆయన ఓపిగ్గా రెండు పేజీలు చదివాడు.

"అయివారి బిడ్డే రాసిందంటే ఇంగేముండాదిరా మాట్లాడేదానికి?" అన్నాడు పెద్దాయన.

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి నిలబడ్డాను.

"నేను లేదని రాయలేదు సార్. గీత పెట్టాను."

"గీత అంటే ఏంటమ్మా మరి?"

"చెప్పలేదు అని."

"ఎవరు చెప్పలేదు?"

నా కళ్ళు తాత వైపు పోయాయి. నా కళ్ళ వెంట వరండా అంతా తాత వైపు చూసింది. అదే నేను చేసిన రెండో తప్పు, మొదటిదానికన్నా పెద్దది. అప్పుడైనా, నేను తాగాను సార్, ఆ ఆకు వల్లే బతికి ఇక్కడ నిలబడ్డాను అని ఉండొచ్చు. నాయన నా పక్కనే ఉన్నాడు. ఆయనా అనలేదు.

తాత తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని మెట్టెక్కాడు.

"నేను చెప్పలా సామీ. ఆ బిడ్డ అడిగింది, నేనే చెప్పలా. ఇప్పుడు చెప్తా, రాసుకోండి."

మెట్ల కింద నుంచి ఒక ముసలామె అరిచింది. తాతకు అక్క వరస. "నోరు ముయ్యిరా! పొయ్యేది ఎట్టా పోతాది. మందు గూడా పోగొట్టుకోబాక!"

తాత ఆమె వైపు చూడలేదు. "కామెర్లకి నేలుసిరి" అన్నాడు.

వెనక ఎవరో, "ఇదేనా? మా దొడ్లో గూడా ఉండాది గదా" అన్నారు. కొందరు నవ్వారు. కొండ అవతల నుంచి మనుషులు వెతుక్కుంటూ వచ్చిన మందు ఆ నవ్వుతో కలుపు మొక్క అయిపోయింది. తాత ఆగలేదు. ఒక్కొక్క పేరూ, దేనికి, ఏ భాగం, ఏ నెలలో, అన్నీ చెప్పాడు. దేవుడి ముందు ప్రమాణం చేస్తున్నవాడిలా నిటారుగా నిలబడి చెప్పాడు.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "వీటన్నిటికీ ఆస్పత్రిలో మాత్రలు ఉన్నాయి కదా తాతా. సరే, ఏమైనా అభ్యంతరం ఉంటే అర్జీ రాసి ఇవ్వండి" అన్నాడు. పెన్ను తియ్యలేదు.

పెన్ను తీసింది నేను. తాత మొదటి పేరు అనగానే నా చెయ్యి సంచిలోకి పోయి నోట్‌బుక్కు తీసింది. పశ్చాత్తాపం కాదు, మంచితనమూ కాదు. రెండేళ్ళ అలవాటు. ఊరి మనిషి, తన నోటితో చెప్తున్నాడు, చెయ్యి దానంతట అదే రాసేసింది. తాత చెప్పడం అయ్యాక దిగుతూ నన్ను చూశాడు.

"అన్నీ వచ్చినాయా పాపా? ఏమన్నా తప్పిపొయినాయా?"

వెటకారమో, నిజంగా అడిగాడో, నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చాయి తాతా అన్నాను.

అర్జీ రాశాను. నాయన సంతకం పెట్టాడు, గొర్రెల వాళ్ళందరూ వేలిముద్రలు వేశారు. ఉదయగిరిలో ఇస్తే నెల్లూరు పంపామన్నారు, నెల్లూరు పోతే ఉదయగిరిలోనే ఉందన్నారు. సరిచేసిన జాబితా సారుకు పంపాను, గీతలున్న ప్రతి చోటా పేరూ ఉపయోగమూ రాసి, జాబితా మార్చినట్టు పైవాళ్ళకు ఒక్క ఉత్తరం రాయమని బతిమాలి. సారు వెంటనే జవాబు రాశాడు. చాలా విలువైన సమాచారం, అభినందనలు అన్నాడు. రిపోర్టు తన చేతులు దాటిపోయిందన్నాడు.

వానలకు ముందే ట్రాక్టర్లు దిగాయి. చెంగలి గడ్డి వేళ్ళు పైకి తేలి నాలుగు రోజుల్లో ఎండిపోయాయి. జామాయిల్ మొక్క నాటి చుట్టూ కంచె వేశారు. ఆ ఆకు గొర్రె ముట్టదు, ఆ నీడన గడ్డి మొలవదు. తాత తన జొడిపి గొర్రెల మందను, తెల్లటి ఒంటికి కళ్ళ చుట్టూ నల్లమచ్చలుండే మందను, అనంతసాగరం వైపు ఉన్న అల్లుడికి తోలేశాడు. మిగిలినవాళ్ళలో కొందరు మందలు అమ్ముకుని కూలికి పోయారు.

పసరు కోసం మనుషులు రావడం మాత్రం ఆగలేదు. సభలో ఏం జరిగిందో వాళ్ళకేం తెలుసు? ఒకరోజు సీతారామపురం పైనుంచి ఒకామె కళ్ళు పచ్చబడ్డ బిడ్డను ఎత్తుకుని వచ్చింది. తాత ఆత్మకూరు ఆస్పత్రికి పొమ్మన్నాడు. ఆమె కదల్లేదు. నాయన పోయి తాతకు చెప్పి చూశాడు. నేనూ వెంట ఉన్నాను.

"నేలుసిరి ఎక్కడన్నా దొరుకుతాది గదా. నూరి ఇయ్యి" అన్నాడు నాయన.

"నోటితో అన్నాను అయివారా. ఇంగ అది పని చెయ్యదు."

"నా బిడ్డకు పని చేసిందిరా!" అని అరిచాడు నాయన. ఆ మాట ఆయన పైకి అనడం నేను వినడం అదే మొదటిసారి. ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు.

"అప్పుడు చేసింది" అన్నాడు తాత. ఆమెకు మంచినీళ్ళిచ్చి, బస్సు వేళ చెప్పి పంపాడు. ఆ బిడ్డ ఏమైందో మాకు తెలియదు. నేను కనుక్కోలేదు కూడా, భయపడి.

తొంభైలు ముగిసేలోగా సారు పుస్తకం వచ్చింది. దళసరి కాగితం, అట్ట మీద విష్ణుక్రాంత పువ్వు, కింద సారు పేరు. లోపల కృతజ్ఞతల్లో 'స్థానిక సహాయకులు' అన్న చోట నేను ఉన్నాను అనుకోవాలి. మా బీడు పేజీల్లో ఒక్క గీత లేదు. తాత చెప్పిన ప్రతి పేరూ, ప్రతి ఉపయోగమూ అచ్చయింది. నేను పంపిన జాబితా బీడుకు ఆలస్యమైంది గానీ పుస్తకానికి సరిగ్గా వేళకు అందింది. ఆ పుస్తకానికి ఎక్కడో బహుమతి వస్తే సారు నాకు ఒక కార్డు రాశాడు. నేను చింపేశాను.

పుస్తకం పట్టుకుని ఊరికి పోయాను. ఎందుకు పోయానో చెప్పలేను. క్షమించమని అడగడానికే అయితే ముందే పోవలసింది. తాత ఖాళీ గొర్రెల దొడ్డి పక్కన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు మందగించింది. పుస్తకం చేతికిస్తే బొమ్మల మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు.

"చదువు" అన్నాడు.

చదివాను. పేరు, ఉపయోగం, పేరు, ఉపయోగం. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసుకుంటూ చదివాను. ఆయన ఒక్కొక్కదానికీ తల ఊపాడు. ఒకచోట వేరు బదులు ఆకు అని అచ్చు వేస్తే ఆపి దిద్దించాడు.

"అన్నీ ఉండాయి" అన్నాడు చివరికి. "యాడ మొలస్తాయని రాసినారు?"

ఆ గడి కూడా ఉంది. నా దస్తూరీలో నుంచి అచ్చులోకి పోయిన గడి. ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారికి దక్షిణాన, మన ఊరి బీడులో అని రాశారు తాతా అన్నాను.

"అయితే పొయ్యి ఒక పిడికెడు కోసుకోని రాపో" అన్నాడు.

నేను చెప్పులు వేసుకుని లేచాను. కంచె తీగ ఎత్తుకుని లోపలికి దూరి, వరసల మధ్య వంగి, ఎండిన జామాయిల్ ఆకు కాలితో తోసుకుంటూ ఆ చివరి దాకా వెతికాను. ఖాళీ చేతులతో తిరిగి వచ్చేసరికి తాత పుస్తకాన్ని మంచం కోడు దగ్గర నేల మీద పెట్టేసి కూర్చుని ఉన్నాడు. నా చేతుల్లో ఏముందని ఆయన అడగలేదు.